పది గంటల గడియారం

నా బల్ల మీదికి వచ్చే ప్రతి వస్తువూ ఒక కథను వెంటబెట్టుకొని వస్తుంది. పాత యుద్ధవిమానాల సామాను సేకరించేవాళ్లు ఈ మధ్య మన నగరాల్లోనూ పెరిగారు. చోదకుల కళ్లద్దాలు, తోలు టోపీలు, రెక్కల బొమ్మ ఉన్న బిళ్లలు తెచ్చి, ఇది ఫలానా విమానానిదని, ఫలానా వీరుడు వాడినదని చెబుతారు. నా ఉద్యోగమంతా కొలత పరికరాల మధ్య గడిచింది కాబట్టి అసలో నకలో చూసి చెప్పమని అడుగుతారు. నేను వస్తువును దగ్గర పెట్టుకొని కథను దూరంగా ఉంచుతాను. స్క్రూలు విప్పితే లోహం తన వయసు చెబుతుంది. కథను అలా విప్పి చూడడం కుదరదు.

ఈ ఏడు వానలు మొదలయ్యే ముందు అలాంటి సేకర్త ఒకాయన ఒక పెట్టె పంపాడు. ఎక్కడో పరదేశంలో, చనిపోయిన ఒక పెద్దాయన ఇంటి సామాను అమ్ముతుంటే కొన్నాడట. లోపల ఉన్నది విమానం ఎంత ఎత్తులో ఉందో చూపే పరికరం. నల్లటి ముఖం, సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, మూడు ముళ్లు, కింద తిప్పడానికి చిన్న బుడిపె. అద్దం చుట్టూ ఉన్న స్క్రూల గాడుల్లో ఏదో పచ్చగా పేరుకొని ఉంది. సూదిమొనతో కొంచెం గీకి తీసి, తెల్ల కాగితం మీద పెట్టి, సున్నపుతేట చుక్క వేశాను. ఎర్రబడింది. మా ఇంట్లో ఆ ఎరుపును పారాణి అనేవాళ్లు.

అది పసుపు అని తేలింది. ఎవరి చేతి పసుపో తేలలేదు. మా ఊరి వర్క్‌షాపులో విశ్వకర్మ పూజనాడు పసుపు, కుంకుమ అంటని యంత్రం ఉండేది కాదు. ఏ యంత్రానికి ఎవరు పెట్టారో ఎవరికి తెలుసు? ఆ మాట నాకు నేనే చెప్పుకొని, పరికరాన్ని బల్ల మీదనే వదిలి లేచాను. చాలాసేపటిదాకా ఆ గదిలోకి మళ్లీ వెళ్లలేకపోయాను.

మా ఊరు బెంగాల్లోని ఖరగ్‌పూర్. న్యూ సెటిల్‌మెంటులో మాది ఎర్ర ఇటుకల రైల్వే క్వార్టరు. శ్రీకాకుళం వైపు నుంచి తాతల కాలంలో వచ్చి రైల్వేలో కుదురుకున్న కుటుంబాలు ఆ వరసంతా ఉండేవి. పొద్దున్నే వర్క్‌షాపు సైరను మోగగానే అన్ని పొయ్యిల మీదా ఒకేసారి పులుసు మరిగేది. బొగ్గుపొగ, పక్కింటి బెంగాలీ దీదీ వంటింట్లో ఆవనూనె, మా పెరట్లో ఆరేసిన ఎండుచేపలు కలిసిన వాసనే నాకు ఉదయమంటే. మా మగవాళ్లు డ్యూటీ టైము, బండి టైము, గేటు టైము అనుకుంటూ బతికేవారు. చనిపోయినవాణ్ణి సైతం 'టైము అయిపోయినాది' అనే అనేవారు.

అటువంటి ఇంట్లో, నడవగోడ మేకుకు, పది అంకెల గడియారం ఒకటి వేలాడేది.

అది మా పెద్దమ్మది. మా నాన్నకు అన్న అయిన పెదనాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. యుద్ధకాలంలో మా ఊరి చుట్టూ అడవులు కొట్టి విమానాలు దిగే మైదానాలు కట్టినప్పుడు, ఆయనను అక్కడికి పనికి పంపారు. ఒకనాడు ఆయన తిరిగి రాలేదు. తాను బాగుచేసిన ఇంజను చప్పుడు గాలిలో ఎలా ఉందో వినమని సిపాయి దొరలు విమానంలో ఎక్కించుకొని వెళ్లారని ఒక కథ. పెట్రోలు పీపాలు అంటుకున్నప్పుడు అక్కడే ఉన్నాడని మరో కథ. రంగూన్ వైపు వెళ్లిపోయాడని గోల్‌బజార్‌లో ఎవరో అన్న కథ ఇంకొకటి. పెద్దయ్యాక మూడింటికీ ఆధారాలు వెతికాను. ఏ ఒక్కదానికీ దొరకలేదు. పెద్దమ్మ మాత్రం మొదటి కథనే నమ్మింది. ఎందుకంటే, యుద్ధం అయిపోయి విరిగిన విమానాలు పాతసామాను బండ్లలో ఊళ్లోకి వస్తున్న రోజుల్లో, పెదనాన్న తోటి ఫిట్టరు ఒకడు ఆ పరికరాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి, అన్న ఎక్కిన ఇమానందే ఇది వొదినా అని ఆమె చేతిలో పెట్టాడు.

ఇంట్లో అందరూ దాన్ని గడియారమనే అనుకున్నారు. ముళ్లున్నాయి, అంకెలున్నాయి, గుండ్రంగా ఉంది. పన్నెండుకు బదులు పదే గంటలేమిటని తాత కొన్నాళ్లు తర్కించి, పైన ఎగిరేవాళ్ల లెక్క వేరుగా ఉంటుంది కాబోలని ఊరుకున్నాడట. విచిత్రమేమిటంటే, కీ ఇవ్వకపోయినా దాని పెద్దముల్లు కదిలేది. రోజులతరబడి ఒకచోటే ఉండి, వాన ముందు ముందుకు జరిగేది. పెద్దమ్మ పొద్దున్నే స్నానం చేసి, దాని అంచుకు పసుపు రాసి, గోటితో అద్దం మీద టక్ టక్ అని కొట్టి చూసేది. ముల్లు కదిలితే ఆమె ముఖం తేటపడేది. ఆయన టైము నడుస్తోంది, అయిపోలేదు. అందుకే ఆమె చేతులకు ఆకుపచ్చ గాజులు, నుదుట కాసంత బొట్టు ఎప్పుడూ ఉండేవి.

తాతకు అదే బాధ. ఆయన పార్సిలాఫీసులో పనిచేసి రిటైరైనవాడు. పెద్దకొడుకుకు పిండం పెట్టలేదని, వాడు ఆకలితో తిరుగుతున్నాడని ఆయన నమ్మకం. ఒంటరిగా ఉన్నప్పుడు వీధి అరుగు మీద ఎవరో చెప్పులు విడిచిన చప్పుడైందని లేచి వెళ్లి చూసేవాడు. మనిషి జాడ తెలియకుండా అన్నేళ్లు గడిస్తే దర్భలతో బొమ్మ చేసి దహనం చెయ్యవచ్చునని పురోహితుడు చెప్పాడు. కాని, పెద్దమ్మ ఒప్పుకోనిదే చెయ్యడానికి తాతకు మనసు రాలేదు. ఆ కర్మ జరిగితే ఆమె గాజులు తియ్యాలి. జరగకపోతే ఆయన కొడుకుకు అన్నం లేదు. మా ఇంట్లో పెద్దల మాటలన్నీ తిరిగి తిరిగి అక్కడికే వచ్చి ఆగేవి. మేము పిల్లలం ఆ మాట వచ్చినప్పుడల్లా కంచాల్లోకి చూస్తూ తినేవాళ్లం.

ఒకసారి నేను మాత్రం తినకుండా అడిగాను. అప్పటికి నేను హైస్కూల్లో చేరి కొంతకాలమే అయింది.

"ఇమానం రానప్పుడు దాని గడియారం ఎలాగొచ్చినాది పెద్దమ్మా?"

అమ్మ నా నెత్తిన మొట్టింది. పెద్దమ్మకు కోపం రాలేదు. పులుసు వడ్డిస్తూనే జవాబు చెప్పింది.

"సామాను ముందొచ్చి, మడిసి ఎనక బండికి రాడేటే? మీ తాతనడుగు. పార్సిలాఫీసులో రోజూ అదే గదా."

ఎవరూ విడిపించుకోని పెట్టెలు ఆ ఆఫీసు మూలల్లో ఎంతకాలం ఉంటాయో తాతకంటే బాగా ఎరిగినవారు లేరు.

గడియారం అసలు సంగతి బయటపెట్టినవాడు గార్డు దొర. ఆయన రిటైరైన ఆంగ్లో ఇండియన్ గార్డు. బంగళాల వీధి చివర ఒక్కడే ఉండేవాడు. యుద్ధంలో ఆయన తమ్ముడు గాలిదళంలో చేరి చనిపోయాడని చెప్పుకొనేవారు. అప్పటి నుంచి విమానాల సామాను సేకరించే పిచ్చి పట్టిందట. నేనూ, మా వరసలోని మరి కొందరు పిల్లలూ ఆయనకు సరఫరాదారులం. సెలవులొస్తే పాత విమాన మైదానం ఉన్న సాలువా దారిలో, ఎర్రటి మొరం నేలలో, జీడిమామిడి తుప్పల కింద వెతికేవాళ్లం. ఇత్తడి గుండీలు, కట్టుపట్టీల బకిల్సు, అల్యూమినియం ముక్కలు దొరికేవి. విమానం కిటికీల గాజులాంటి ప్లాస్టిక్కు ముక్క దొరికితే పండగే. దాన్ని సిమెంటు గట్టు మీద గట్టిగా రుద్ది వాసన చూస్తే మాగిన పండులా ఉండేది. ఎవరి ముక్క ఎక్కువ వాసన వస్తే వాడిది పెద్ద విమానం. దొరికిన పారాచూటు గుడ్డ మాత్రం దొరదాకా వెళ్లేది కాదు. మా అమ్మలు దానితో దిండు గలీబులు కుట్టేసేవారు. దానికి గార్డు దొర నిజంగా నొచ్చుకొనేవాడు. మిగతా వాటికి ఆయన కిస్మిస్ కేకు ముక్కలు పెట్టేవాడు. ఆ గది తలుపు తీయగానే పాత తోలు, కర్పూరం ఉండలు, కేకు వాసన కలిసి ఎదురొచ్చేవి.

ఆ గదిలో మూడు అరలుండేవి. పై అరలో తనకు తెలిసినవి, మధ్య అరలో తాను విన్నవి, కింద అరలో తాను ఊహించినవి. మేము ఏది తెచ్చినా, ఎక్కడ దొరికింది, ఎవరు చూశారు, ఎవరు చెప్పారు అని అడిగి గాని అర నిర్ణయించేవాడు కాదు. పై అర ఎప్పుడూ దాదాపు ఖాళీగానే ఉండేది. నా చదువు విశ్వవిద్యాలయంలో మొదలైందని నా సర్టిఫికెట్లు చెబుతాయి. నేను ఆ అరల దగ్గరనే మొదలైందంటాను.

మా ఇంటి గడియారం సంగతి ఆయనకు నేనే చెప్పాను. చూడడానికి వస్తానన్నాడు. తాతకు ఆ కబురు ఎంతో నచ్చింది. చదువుకున్న దొర వచ్చి, ఇది పాడైపోయిన గడియారం, దీన్ని పట్టుకు వేలాడకండి అని చెబితే కోడలు వింటుందని ఆయన ఆశ.

గార్డు దొర వచ్చి, నడవలో కుర్చీ వేసుకొని, టీ తాగి, పరికరాన్ని ఒళ్లో పెట్టుకొని చూశాడు. మా పేటలో పుట్టి పెరిగినవాడు కాబట్టి ఆయనకు మా తెలుగు వచ్చు, మధ్యలో హిందీ కలిసేది.

"ఇది గడియారం నహీ హై. ఇమానం ఎంత పైన ఉందో సెప్పే మీటరు."

ముళ్లు ఎందుకు కదులుతాయో, బుడిపె ఎందుకుందో ఆయన చెప్పబోయాడు. తాత ఆగలేదు. ఇప్పుడది ఎంత పైన ఉందని చెబుతోందో చూడమన్నాడు. పనికిరాని జవాబు వస్తుందని, దానితో పీడ విరగడవుతుందని అనుకున్నాడు కాబోలు. దొర గోటితో అద్దం మీద తట్టి, రెండు వందల అడుగుల పైమాట అన్నాడు.

వంటింటి గుమ్మంలో పెద్దమ్మ చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"అయితే ఆయనింకా దిగనేదు," అంది.

గార్డు దొర గబగబా బుడిపె చూపించి, ఇది తిప్పితే ముల్లు ఎక్కడికైనా వస్తుందని, సున్నాకు కూడా తేవచ్చునని వివరించాడు. ఆమెకు ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాడు పాపం. తాత చేయి దాని మీదికి వెళ్లింది. సున్నాకు తెస్తే కొడుకు నేల మీదికి వచ్చినట్టే, కర్మ చెయ్యవచ్చు.

"తిప్పండి మావయ్యా," అంది పెద్దమ్మ. గొంతు పెంచలేదు. "నా ముందరే తిప్పండి. మీరు తిప్పితే ఆయన దిగినట్టయితే, నాను వాకిట్లోకెల్లి సూసొస్తాను."

తాత చేయి తీసేశాడు. లోపలికి వెళ్లి, పార్సిలాఫీసు రోజుల నాటి లక్కకడ్డీ, కొవ్వొత్తీ తెచ్చాడు. బుడిపె మీద లక్క కరిగించి పోసి, నేను దొర కోసం దాచిన రెక్కల గుండీతో దాని మీద అద్దాడు. పార్సిలు మూట ఎవరూ విప్పకుండా సీలు వేసే పద్ధతి అది. ఇక దాన్ని మనుషులు తిప్పరు, అదే తిరగాలి, అదే ఆగాలి అన్నాడు. సున్నాకు తానుగా వస్తే కర్మకు ఒప్పుకుంటానని పెద్దమ్మ మాట ఇచ్చింది. కాలిన లక్క వాసన ఆ రోజంతా ఇల్లు వదలలేదు.

ఆ వానాకాలమంతా ముల్లు పైకే ఉంది. దసరాకు కొద్దిగా దిగింది. చలి మొదలయ్యాక ఇంకా దిగింది. దానికి కారణం ఇప్పుడు చెప్పగలను. ఆ పరికరం నిజంగా కొలిచేది గాలి ఒత్తిడిని. ఒత్తిడి తగ్గితే పైకి వెళ్లామనుకుంటుంది, పెరిగితే దిగామనుకుంటుంది. వానల్లో మా ప్రాంతపు గాలి తేలిక, చలికాలంలో బరువు. రోజులోనైతే ఉదయం పది ప్రాంతంలో ఎక్కువ బరువు. అంతకు మించి అందులో ఏమీ లేదు. అప్పుడు మాత్రం, గోడ మీద ఒక మనిషి మెల్లమెల్లగా కిందికి దిగుతుంటే ఇల్లంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నట్టుండేది. నడవలోంచి పరుగెత్తడం మేము మానేశాం. ఎవరూ మానమనలేదు.

పుష్యమాసంలో చలి బాగా బిగిసిన ఒక ఉదయం, సైరను మోగి మగవాళ్లు డ్యూటీలకు వెళ్లిపోయాక, ఎండ వాకిట్లోకి పూర్తిగా వచ్చిన వేళ, పెద్దమ్మ బియ్యం చేట పక్కన పెట్టి లేచి, గోటితో అద్దం తట్టింది. నేను పక్కనే ఉన్నాను. ముల్లు సున్నా మీద నిలిచింది.

"మావయ్యా, దిగినాడు."

తాత మంకీ టోపీ పెట్టుకొని ఎండలో కూర్చున్నాడు. ఆ మాట విని, కర్మ సంగతి తలవకుండా, ముందు వీధి గేటు దగ్గరికి వెళ్లాడు. అటూ ఇటూ చూశాడు. ఎర్రమట్టి దారి మీద ఎండ తప్ప ఏమీ లేదు. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ఆ గేటు పట్టుకున్న ఆయన చేతిని నేను ఎన్నటికీ మరచిపోలేను.

పెద్దమ్మ పీట వేసి, కంచంలో వేడన్నం, ఎండుచేపల పులుసు వడ్డించి, గ్లాసుతో నీళ్లు పెట్టి, ఎదురుగా కూర్చుంది. అన్నం మీద ఆవిరి లేచి, పలచబడి, ఆగిపోయింది. కంచం ముట్టుకోమని గాని, తీసేయమని గాని అమ్మ అనలేకపోయింది. తాత లోపలికి వచ్చాక పెద్దమ్మ చెప్పింది.

"ఎక్కడో అక్కడ దిగినాడు మావయ్యా. మన టేసన్లో కాదు. మీరు సెయ్యవలసింది సెయ్యండి."

కాంసాయి నది ఒడ్డున కర్మ జరిగింది. పెద్దమ్మ గాజులు ఎవరినీ పగలగొట్టనివ్వలేదు. చేతులకు నూనె రాసుకొని, ఒక్కొక్కటే చెడకుండా తీసి, పారాచూటు గుడ్డ ముక్కలో మూట కట్టింది. ఆ తరువాత తాతకు అరుగు మీద చెప్పుల చప్పుడు వినిపించలేదు. లేదా వినిపించిందని మాకు చెప్పలేదు. ఈ రెండింటిలో ఏది నిజమో నాకు తెలియదు.

వైశాఖంలో సాయంకాలపు గాలివానలు మొదలయ్యాయి. ఆకాశం నల్లబడి, గాలి ఆగి, కాకులు అరవడం మానేసిన ఒక సాయంత్రం పెద్దమ్మ నడవలోకి వచ్చి, అలవాటుగా అద్దం తట్టింది. ముల్లు పైకి లేచింది. ఆమె తన బోసి చేతుల వంక, దాని వంక చూసింది.

"మళ్లీ ఎక్కినాడే. ఇప్పుడు నానేటి, గుంటా?"

తాను పెళ్లామో విధవో ఆడపిల్లనైన నన్ను చెప్పమని అడుగుతోంది. అప్పటికి స్కూల్లో గాలి ఒత్తిడి పాఠం చెప్పారు. గార్డు దొర కూడా వివరించాడు. గాలికి బరువుంటుందని, అది తగ్గితే ముల్లు లేస్తుందని, ఇందులో పెదనాన్న ప్రమేయం లేదని నాకు వచ్చినట్టు చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది. చివర ఒకే మాట అంది.

"ఆయనా గాలే గదా ఇప్పుడు."

నేను నేర్చుకున్న శాస్త్రంలో ఆ మాటకు జవాబు ఉంటుందని చాలాకాలం అనుకున్నాను.

దాన్ని గోడ మీద చూడలేక తాత మంచం పట్టేలా ఉన్నాడు. పెద్దమ్మే నన్ను వెంటబెట్టుకొని దానిని గార్డు దొర ఇంటికి తీసుకెళ్లింది. ఇచ్చెయ్యడం లేదని ముందే చెప్పింది. క్లోక్ రూములో పెట్టినట్టు పెడుతున్నానంది. మనిషి వస్తే అడుగుతాడు, అప్పుడు ఇవ్వాలంది. గాజుల మూటను కూడా దానితోనే పెట్టింది. ఒకరి సామాను రెండు చోట్ల ఉండకూడదంది. దొర తన మూడు అరలకేసి చాలాసేపు చూశాడు. చివరకు ఏ అరలోనూ పెట్టకుండా కిటికీ గట్టు మీద పెట్టాడు.

కొన్నేళ్లకు ఆయనవాళ్లు చాలామంది వెళ్లిపోయినట్టే ఆయన కూడా ఊరు విడిచి సముద్రాలు దాటి వెళ్లిపోయాడు. వెళ్లేముందు పెద్దమ్మ దగ్గరికి వచ్చి, సామాను తన వెంట తీసుకువెళ్లవచ్చునా అని అడిగాడు. బండి మారినా రసీదు చెల్లుతుంది కదా అని ఆమె నవ్వింది. ఆమె నవ్వగా నేను చూసిన కొద్ది సార్లలో అది ఒకటి. గోడ మీద మేకు మాత్రం మిగిలింది. పెద్దమ్మ బతికినన్నాళ్లూ పొద్దున్నే ఆ మేకు కింద సున్నపుగోడను గోటితో తట్టేది. అక్కడ చిన్న గుంట పడింది. ఆమె పోయాక కూడా ఆ చప్పుడు విన్నామని ఇంట్లో కొందరు చెప్పారు. నేను విన్నానని రాయను. వినిపిస్తుందేమోనని నడవలో ఆగిన రోజులున్నాయని మాత్రం రాస్తాను.

సేకర్త మొన్న ఫోను చేశాడు. తేల్చారా అని అడిగాడు. పరికరం అసలైనదే, యుద్ధకాలానిదే, ఏ విమానానిదో మాత్రం నిర్ధారించలేనన్నాను. బుడిపె చుట్టూ ఎర్రటి లక్క పెచ్చులు కొన్ని మిగిలి ఉన్నాయని, అవి దేనివో కూడా చెప్పలేనన్నాను. దీనితో పాటు ఇంకేమైనా వచ్చాయా అని అడిగాను.

"ముఖ్యమైనవేవీ లేవు మేడమ్. ఏదో గుడ్డలో పాత గాజులు కొన్ని ఉన్నాయి. గాలిదళం సామాను కాదు కదా అని అక్కడే పడేశాను."

ఏ రంగువని అడిగాను. గుర్తులేదన్నాడు. ఆకుపచ్చ కావచ్చునన్నాడు.

తెలిసినది, విన్నది, ఊహించినది. ఆ గాజులను నేను చూడలేదు కనుక అవి మధ్య అరకు చెందుతాయి. ఫోను పెట్టేసి ఆ గదిలోకి వెళ్లాను. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందని పొద్దున వార్తల్లో చెప్పారు. ఇన్నేళ్లలో ఆ పరికరం లోపల ఒత్తిడిని బట్టి ఉబ్బి ముల్లును కదిపే రేకుడబ్బీ చిల్లిపడి ఉండాలి, ముల్లు కదలకూడదు. గోటితో అద్దం మీద తట్టాను. ముల్లు వణికి, మెల్లగా పైకి జరిగింది. డబ్బీ బాగానే ఉందన్నమాట. అలా అనుకోవలసిన సమయంలో నా నోటి వెంట వచ్చింది వేరే మాట. ఎన్నడో విడిచిపెట్టిన మా పేట భాషలో వచ్చింది.

"ఇంకా దిగనేదు."

సేకర్తకు మళ్లీ ఫోను చేసి, పరీక్ష పూర్తి కాలేదని, పరికరాన్ని చలికాలందాకా నా దగ్గర ఉంచమని అడిగాను. ఒప్పుకున్నాడు. నేనతనికి అబద్ధం చెప్పలేదు. పరీక్ష నిజంగానే పూర్తి కాలేదు.